ప్రేమ మన మీదా, ఉలవల మీదా?

మా అమ్మమ్మగారి ఊరికి వెళ్ళాలంటే తెనాలి స్టేషన్‌లో దిగి జట్కా ఎక్కాలి. ఎనభైల మొదట్లో మాట. బస్సు ఉండేది గానీ, అది వచ్చేదాకా నిలబడే ఓపిక మా తాతయ్యకు లేదు. స్టేషన్ బయట నాలుగైదు జట్కాలు ఉన్నా ఆయన నేరుగా ఒక సాయిబు బండి దగ్గరికే నడిచేవారు. సాయిబు ఇల్లు కూడా మా వీధి చివరే. ఆ గుర్రం పేరు మోతీ. బూడిద రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ, ఎడమ చెవి అంచు కాస్త చిరిగి ఉండేది.

ఊరికి సగం దారిలో కాలవ వంతెన దాటగానే ఒక టీ కొట్టు ఉండేది. బండిలో ఎవరున్నా, ఎంత తొందరలో ఉన్నా మోతీ అక్కడ ఆగాల్సిందే. పగ్గాలు అదిలించినా, "చల్ బేటా" అని బతిమాలినా కదలదు. సాయిబు దిగి, సగం గ్లాసు టీ తాగి, మిగిలిన దాంట్లో బన్ను ముక్క ముంచి నోటికి అందిస్తేనే బండి కదిలేది. "నాకు టీ మీద యావ లేదు అయ్యగారూ, దీనికోసం తాగాల్సి వస్తోంది" అనేవాడు. "ఇంతకీ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి సాయిబూ?" అని మా తాతయ్య.

గుర్రం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథలుంటాయి. ఇప్పుడు అవి ఫోన్లలోకి వచ్చాయి. గుర్రం యజమాని టోపీ లాక్కుంటుంది, ముద్దు పెడుతుంది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంది, ఒళ్ళో తలపెట్టి నిద్రపోతుంది. చూసేవాళ్ళు రెండు జట్లు. "మనుషుల కంటే నయం" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఒక జట్టు. "అంతా తిండి కోసం వేషాలు" అని కొట్టిపారేసేవాళ్ళు ఇంకో జట్టు. నేను చాలా ఏళ్ళు మొదటి జట్టులో ఉన్నాను, కొన్నాళ్ళు రెండోదాంట్లోకి మారాను. గుర్రాల గురించి చదవటం మొదలుపెట్టాక రెండింటిలోనూ ఉండలేకపోయాను. మనం పగలబడి నవ్వుకునే క్షణాల్లో గుర్రం చాలాసార్లు వేరే పనిలో ఉంటుంది. దానికి మన మీద నిజంగా ఏదో ఉన్నప్పుడు మనం కెమెరా తీయం, ఎందుకంటే అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ కనబడదు.

ముందు నవ్వు సంగతి తేల్చేద్దాం. మెడ చాచి, తల పైకెత్తి, పై పెదవిని ముక్కు మీదికి మడిచి, పళ్ళు చిగుళ్ళతో సహా చూపిస్తున్న గుర్రం ఫొటో మీరు చూసే ఉంటారు. అది నవ్వటం లేదు, వాసన చూస్తోంది. గుర్రం ముక్కు అడుగున, అంగిలికి పైన, మామూలు ముక్కు పట్టుకోలేని వాసనల కోసం ఇంకో అవయవం ఉంది. కొత్త వాసన తగిలినప్పుడు పెదవిని అలా మడిచి ఆ వాసనను అక్కడిదాకా లాక్కుంటుంది. అది ఇంకో గుర్రం మూత్రం కావచ్చు, యజమాని పూసుకున్న సెంటు కావచ్చు, నులిపురుగుల మందు కావచ్చు. మనకిది కొత్తేమీ కాదు. మేకపోతు, దున్నపోతు అచ్చం ఇలాగే మూతి పైకెత్తి నిలబడతాయి. పల్లెలో పెరిగినవాళ్ళెవరూ మేకపోతు నవ్వుతోందని అనరు. అదే పని గుర్రం చేస్తే మాత్రం నవ్వయిపోయింది. ఈ మూతి ఎత్తటానికి ఇంకో అర్థం కూడా ఉంది, అంత సరదా అయింది కాదు. అది తర్వాత.

కౌగిలింత కూడా దాదాపు ఇదే బాపతు. కళ్ళెం తీయగానే గుర్రం తన తలను మనిషి ఛాతీకి ఆనించి పైకీ కిందికీ రుద్దుతుంది. యజమానికి గుండె కరిగిపోతుంది. గంటసేపు తోలు పట్టీల కింద చెమట పట్టిన మొహం అది, దురద పెడుతోంది. ఆ నిమిషానికి మీరు దానికి ఒక స్తంభం. ఇక ముక్కూ ముక్కూ ఆనించి తీసుకునే సెల్ఫీలైతే గుర్రానికి చిరాకే. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, రెండు చోట్ల తప్ప. ఒకటి సరిగ్గా తోక వెనక, రెండోది సరిగ్గా నుదుటి ముందు. మనం ప్రేమగా నుదుటికి నుదురు ఆనించగానే దాని కళ్ళ ముందు నుంచి మాయమైపోతాం. అరచేతిలో బెల్లం ముక్క పెట్టి మూతి కింద పట్టుకుంటే దానికి కనబడదు, పెదవులతోనూ మూతి మీది వెంట్రుకలతోనూ తడుముకుని తింటుంది.

ఇంతవరకూ చదివి, అయితే గుర్రానికి మన గురించి ఏమీ తెలియదన్నమాట అనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. దీనికి 1904 నాటి బెర్లిన్ వెళ్ళాలి.

అక్కడ విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అని రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఇళ్ళ మధ్య ఉన్న ఒక పెరట్లో నల్లబల్ల పెట్టి, బడిపిల్లాడికి చెప్పినట్టే తన గుర్రానికి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాడు. గుర్రం పేరు హాన్స్, ఓర్లోవ్ జాతి మగ గుర్రం. కూడికలు, తీసివేతలు, భిన్నాలు, ఇవాళ వారం ఏమిటి, గడియారంలో టైమెంత - ఏది అడిగినా హాన్స్ కుడి గిట్టతో నేల మీద తట్టి చెప్పేది. మూడూ నాలుగూ ఎంతంటే ఏడుసార్లు తట్టి ఆగేది. తప్పకుండా అందే బహుమానం క్యారెట్ ముక్కో రొట్టె ముక్కో. మాస్టారు దీనికి టికెట్ పెట్టలేదు, పైసా తీసుకోలేదు. ఊరంతా వచ్చి చూసింది.

మోసమేమైనా ఉందేమో తేల్చమని 1904 సెప్టెంబరులో ఒక సంఘం కూర్చుంది. అందులో మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ స్టంఫ్‌తో పాటు పశువైద్యుడు, సర్కస్ మేనేజరు లాంటివాళ్ళు కూడా ఉన్నారు. సర్కస్ వాడికి తెలియని ట్రిక్కు ఉంటుందా! వాళ్ళంతా చూసి, ఇందులో దగా ఏమీ లేదని రాసిచ్చారు. నిజంగానే లేదు. మాస్టారు లేనప్పుడు వేరేవాళ్ళు అడిగినా హాన్స్ సరిగ్గానే చెప్పింది.

ముడి విప్పినవాడు స్టంఫ్ శిష్యుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్. అతను చేసిన పని చాలా చిన్నది. అడిగేవాడికే జవాబు తెలియకుండా చేశాడు. అట్ట మీద అంకె రాసి, అడిగేవాడు చూడకుండా గుర్రానికి మాత్రం చూపించాడు. అంతే, అప్పటిదాకా క్లాసు ఫస్టుగా ఉన్న హాన్స్ దాదాపు ప్రతిదీ తప్పు చెప్పింది. కళ్ళకు పక్కన గంతలు కట్టి మనిషి కనబడకుండా చేస్తే, ఎలాగోలా అడిగేవాణ్ణి చూడాలని తల అటూ ఇటూ తిప్పి గింజుకుంది. ఫుంగ్‌స్ట్‌ను కరిచింది కూడా. పరీక్ష హాల్లో చీటీ లాగేసుకుంటే ఎవరికైనా అంతే.

అసలు జరుగుతున్నది ఇది. ప్రశ్న అడిగిన మనిషి, గిట్ట కేసి చూడటానికి తెలియకుండానే తల కాస్త ముందుకు వంచుతాడు. అది హాన్స్‌కు మొదలుపెట్టమని సైగ. సరైన అంకె దగ్గరికి వచ్చేకొద్దీ అతనిలో బిగింపు పెరుగుతుంది. సరిగ్గా ఆ అంకె పడగానే బిగింపు సడలి తల ఆవగింజంత పైకి లేస్తుంది. ఆ కదలిక మామూలుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. హాన్స్ అక్కడ ఆగుతుంది. తర్వాత ఫుంగ్‌స్ట్ తనే గుర్రం వేషం కట్టాడు. మీరు ఒక అంకె అనుకోండి, నేను చేత్తో తట్టి చెబుతానన్నాడు. పాతిక మందిని అలా పరీక్షిస్తే ఇద్దరు తప్ప అందరూ తల కదిపి దొరికిపోయారు. ఇంకా విచిత్రం, కిటుకంతా తెలిశాక కూడా హాన్స్ ముందు నిలబడి తన తల కదలకుండా ఆపుకోవటం అతని వల్ల కాలేదు.

1907లో ఇదంతా పుస్తకంగా వచ్చింది. మాస్టారు తట్టుకోలేకపోయాడు. ముందు గుర్రం మీద కోపం, తర్వాత పరీక్ష పెట్టినవాళ్ళ మీద. 1909లో కన్నుమూశాడు. హాన్స్ చేతులు మారి, మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్ళింది. ఆ తర్వాత దాని ఆచూకీ లేదు.

మనస్తత్వ శాస్త్రం పాఠాల్లో హాన్స్‌ను మనుషులు మోసపోయిన కథగా చెబుతారు. నాకెందుకో ఆ చెప్పటం నచ్చదు. జర్మనీలోని పెద్ద తలకాయలన్నీ కలిసి నెలల తరబడి పట్టుకోలేకపోయిన కదలికను ఆ గుర్రం కొత్త మనుషుల్లో కూడా పట్టుకుంది. హాన్స్‌కు లెక్కలు రావు. మాస్టారు వచ్చు. కంఠతా వచ్చు. పాపం, ఆయన మాత్రం చివరిదాకా గుర్రానికి లెక్కలు వచ్చాయా రాలేదా అన్న దగ్గరే ఉండిపోయాడు.

గుర్రానికి ఈ విద్య ఎందుకు అబ్బిందో ఊహించటం కష్టం కాదు. గడ్డి మైదానంలో బతికే జంతువు, కొమ్ముల్లేవు, కోరల్లేవు. పక్క గుర్రం చెవి నిక్కబొడిచిన క్షణంలో పరిగెత్తాలి. ఒంట్లో చిన్న బిగింపు కనబడితే దాని అర్థం పట్టుకోవటం దానికి ప్రాణంతో సమానం. మందలోని తోటి గుర్రాల కోసం వచ్చిన ఆ కన్ను మన మీద కూడా పనిచేస్తోంది.

హాన్స్ తర్వాత గుర్రాలతో పరీక్షలు చేసేవాళ్ళకు ఒకటే టెన్షన్: మనిషి తనకు తెలియకుండా జవాబు అందిస్తున్నాడేమో. అందుకే ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీవాళ్ళు 2018లో చేసిన పరీక్ష నాకు బాగా నచ్చుతుంది. గుర్రానికి ముందుగా ఒక మనిషి ఫొటో చూపించారు, కొన్నిటికి నవ్వుమొహం, కొన్నిటికి కోపం మొహం. కొన్ని గంటల తర్వాత అదే మనిషి మామూలు మొహంతో దాని ముందుకొచ్చి నిలబడ్డాడు. గుర్రం తన ఏ ఫొటో చూసిందో ఆ మనిషికి తెలియదు. కోపం ఫొటో చూసిన గుర్రాలు ఆ మనిషిని ఎడమ కంటితో ఎక్కువగా చూశాయి. ఎడమ కంటి చూపు ఎక్కువగా కుడి మెదడుకు వెళుతుంది, ప్రమాదాన్ని బేరీజు వేసేది అక్కడే. ఒక్క ఫొటో, అదీ పొద్దున ఎప్పుడో చూసింది. అలాంటిది రోజూ కళ్ళెం పట్టుకునేవాడు ఇంట్లో గొడవపడి వస్తే దానికి తెలియదనుకుంటారా?

స్వీడన్‌లో 2009లో అచ్చయిన ఇంకో పరీక్ష ఉంది, కాస్త కొంటెది. మనుషుల చేత గుర్రాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి నాలుగుసార్లు నడిపించారు. నాలుగోసారి బయల్దేరే ముందు మనిషికి "ఈసారి గుర్రం అటుగా వెళ్ళగానే గొడుగు ఠప్పున తెరుస్తాం" అని చెప్పారు. గొడుగు తెరవనే లేదు. కానీ చెప్పిన మాట విన్న మనిషి గుండె వేగం పెరిగింది. ఏమీ వినని గుర్రం గుండె వేగం కూడా పెరిగింది.

ఇది చదివినప్పుడు నాకు హైదరాబాద్‌లో మా బంధువులబ్బాయి బరాత్ గుర్తొచ్చింది. వాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడు, జన్మలో గుర్రమెక్కినవాడు కాదు. జీను మీద కూర్చున్నప్పటి నుంచి దాని జూలు రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. చుట్టూ బ్యాండు, బాణసంచా, జనరేటర్ మోత. అంత గోలలోనూ గుర్రం నిదానంగా నడుస్తోంది. దాని ఒక చెవి మాత్రం పక్కన కళ్ళెం పట్టుకుని నడిచే పదిహేడేళ్ళ కుర్రాడి వైపే తిరిగి ఉంది. కుర్రాడు మంచినీళ్ళ కోసం పక్కకు వెళ్ళాడో లేదో, గుర్రం కాళ్ళు మార్చటం మొదలుపెట్టింది. పైన ఒణుకుతున్న పెళ్ళికొడుకు తప్ప దానికి ఇంకో తోడు లేదు మరి. కుర్రాడు పరిగెత్తుకొచ్చి మెడ మీద చెయ్యి వేశాడు. గుర్రం పెద్దగా ఒకసారి ముక్కు చీది, తల పక్కకు తిప్పి పెళ్ళికొడుకు మెళ్ళో దండలోంచి రెండు చామంతులు కొరుక్కుని నమిలింది. వీడియోలో దండ తిన్నదే ఉంది. చెయ్యి వేసింది లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సొంత యజమాని పక్కనుంటే గుర్రం ఎప్పుడూ నిబ్బరంగా ఉంటుందన్నది కూడా అంత గట్టి మాట కాదు. బ్రిటన్‌లో 2018లో అచ్చయిన ఒక పరిశీలనలో, భయపెట్టే పని చేయించేటప్పుడు సొంత యజమాని నడిపించినా, బాగా పనితెలిసిన పరాయివాడు నడిపించినా గుర్రాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. యజమానులకు ఇది మింగుడుపడని మాట. కానీ హాన్స్ కథ గుర్తుంటే ఆశ్చర్యమేమీ లేదు. గుర్రం మన పేరు చూడదు, ఆ క్షణంలో మన ఒళ్ళు ఎలా ఉందో చూస్తుంది. ఒణికే యజమాని కంటే నింపాదిగా ఉన్న పరాయివాడు దానికి నయం. బరాత్‌లో ఆ కుర్రాడి చెయ్యి పనిచేసింది వాడు దానికి తెలిసినవాడు కావటం వల్లనో, వాడికి అసలు టెన్షన్ లేకపోవటం వల్లనో, రెండూనో.

మరి స్నేహం అనదగ్గది ఏమీ లేదా అంటే, ఉంది. దాన్ని మనం చూడాల్సిన చోటు జూలు అయిపోయి వీపు మొదలయ్యే దగ్గర. రెండు గుర్రాలకు దోస్తీ ఉంటే ఎదురెదురుగా నిలబడి, ఒకదాని మెడ మీదుగా ఇంకోటి తల పెట్టి, సరిగ్గా అక్కడ పళ్ళతో గోక్కుంటాయి. ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాల మీద 1993లో వచ్చిన ఒక పరిశోధన, ఆ చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని తేల్చింది. మనిషి చేత్తో గోకినా సరే.

సాయిబు రోజూ సాయంత్రం బండి విప్పాక కొబ్బరిపీచుతో మోతీ ఒళ్ళు రుద్దేవాడు. మెడ దాటి ఆ చోటికి రాగానే మోతీ కళ్ళు సగం మూతలు పడేవి. పై పెదవి ఏనుగు తొండంలా ముందుకు సాగి, ఒక పక్కకు ఒంకర తిరిగి, గాలిలో ఎవరినో గోకుతున్నట్టు వణికేది. చూస్తే నవ్వాగదు. కాసేపటికి మెడ తిప్పి సాయిబు భుజం మీద పళ్ళు పెట్టి అది కూడా గోకటం మొదలుపెట్టేది. సాయిబుకున్న మూడు చొక్కాలకూ ఎడమ భుజం దగ్గరే మాసికలు ఉండేవి. వాళ్ళావిడ సూదీ దారం తీసుకుంటూ "నా సవతి మళ్ళీ చింపిందా?" అనేది. గుర్రపుస్వారీ నేర్పేచోట చాలామంది ఇలా పళ్ళు పెట్టగానే కరవబోతోందని మూతి మీద ఒక్కటి ఇస్తారు. పళ్ళు తగిలితే నొప్పే, కాదనను, మెల్లిగా మెడ అవతలికి తోస్తే సరిపోతుంది. కానీ "నువ్వు నాకు గోకావు, ఇదిగో నీకు నేను" అనటం తప్ప అందులో ఇంకేం లేదు. నన్నడిగితే నుదుటి ముద్దులన్నీ కలిపినా ఆ మాసికకు సరిరావు.

నిద్ర కూడా అలాంటిదే. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, మోకాళ్ళు జారకుండా కాళ్ళలో గొళ్ళెం లాంటి ఏర్పాటు ఉంది. కానీ మనకు కలలొచ్చే రకం నిద్రకు అది పడుకోవాల్సిందే. పడుకుంటే వెంటనే లేచి పారిపోలేదు. అందుకే మందలో కొన్ని పడుకుంటే ఒకటైనా నిలబడి కాపలా కాస్తుంది. మీరు పక్కనుండగా మీ గుర్రం కాళ్ళు చాపి పడుకుని గురక పెడితే, ఆ కాపలా పని మీకు అప్పజెప్పిందన్నమాట.

ఇక తిండి. పొద్దున్నే బకెట్ చప్పుడు కాగానే గుర్రం నోరు తెరవకుండా గొంతులోనే గురగురమంటుంది. తల్లి గుర్రం పిల్లను పిలిచేదీ ఆ గొంతుతోనే. ఇది ప్రేమా, ఆకలా? కావాలంటే వాదించుకోవచ్చు. కానీ అన్నం పెట్టిన చేతిని తలుచుకునే మనిషిని మనం తిండిపోతు అనం కదా. ఫ్రాన్స్‌లో 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, తిండి ముక్క బహుమానంగా ఇస్తూ పని నేర్పిన గుర్రాలు నేర్పించిన పనినీ మరిచిపోలేదు, నెలల తర్వాత కూడా మనుషుల దగ్గరికి తమంతట తాము ఎక్కువగా వచ్చాయి. పరాయి మనుషుల దగ్గరికి కూడా. ఉలవలూ ప్రేమా వేర్వేరు బస్తాల్లో ఉండవు.

పైగా గుర్రానికి అడగటం వచ్చు. నార్వేలో 23 గుర్రాలకు మూడు రకాల బోర్డులు నేర్పారు, 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. అడ్డగీత ఉన్న బోర్డును మూతితో తాకితే దుప్పటి కప్పుతారు, నిలువు గీతయితే తీసేస్తారు, ఖాళీ బోర్డయితే ఉన్నదున్నట్టు వదిలేస్తారు. రోజుకు పది పదిహేను నిమిషాల పాఠం, రెండు వారాల్లో అన్నీ నేర్చేసుకున్నాయి. వానా చలీ ఉన్న రోజున కప్పమన్నాయి, ఎండ కాసిన రోజున తీసేయమన్నాయి. ఎటు తాకినా క్యారెట్ ముక్క వచ్చేది కాబట్టి తిండి కోసం అలా చేశాయనటానికి వీల్లేదు. జపాన్‌లో కోబే యూనివర్సిటీవాళ్ళు అదే ఏడాది చేసిన పరీక్షలో, గుర్రానికి అందని బకెట్లో క్యారెట్ దాచారు. దాచినట్టు కాపరికి తెలియనప్పుడు గుర్రాలు అతన్ని ఎక్కువసార్లు చూశాయి, ఎక్కువసార్లు మూతితో పొడిచాయి. ఎదుటివాడికి తెలుసో తెలియదో కూడా ఎంతో కొంత లెక్కేసుకుంటున్నాయన్నమాట. టీ కొట్టు దగ్గర మోతీ సాయిబుకు నేర్పిన పాఠం దీనికంటే తక్కువదేం కాదు.

ఇన్ని చెప్పి, మనం నవ్వకూడని చోట నవ్వే సంగతి వదిలేస్తే బాగుండదు. శాలలో గంటల తరబడి కట్టేసిన గుర్రం తలుపు దగ్గర నిలబడి కుడికీ ఎడమకీ ఊగుతుంటుంది, తల ఆపకుండా ఊపుతుంటుంది. పాట పెట్టి "డాన్స్ చేస్తోంది" అని పంచుకుంటారు. తోటి గుర్రం లేక, తిరగటానికి చోటు లేక, నమలటానికి గడ్డి లేక వచ్చే రోగం అది. అందులో డాన్స్ ఏమీ లేదు.

మాకూ ఒకసారి అలాగే అయింది. వేసవి సెలవులు, సాయంత్రం. సాయిబు ఇంటి ముందు మోతీ మట్టిలో పడి దొర్లుతోంది. గుర్రాలు దొర్లటం మామూలే, ఒళ్ళు దులుపుకుని లేస్తాయి. ఇది లేచి, దులుపుకోకుండా మళ్ళీ పడింది. మళ్ళీ లేచి తన పొట్ట కేసి చూసుకుంది, ముందుకాలితో నేల గీరింది, తల పైకెత్తి మూతి మడిచింది. "మోతీ నవ్వుతోందిరోయ్!" అని ఎవరో అరిచారు, నేనే కావచ్చు. మేం చప్పట్లు కొడితే అది మళ్ళీ మూతి ఎత్తింది. మేం ఇంకా గట్టిగా కొట్టాం.

సాయిబు ఉడికిన ఉలవల బకెట్‌తో లోపలి నుంచి వచ్చాడు. గురగుర లేదు. మోతీ బకెట్ కేసి తలే తిప్పలేదు. అతని మొహం అప్పుడు మారింది. బకెట్ అక్కడే వదిలేసి, దాని పక్కన వంగి పొట్టకు చెవి ఆనించాడు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం పొట్ట ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది. ఇటు పక్క విన్నాడు, అటు పక్క విన్నాడు. "బాబూ, చప్పట్లు ఆపండి" అన్నాడు, అరవలేదు.

గుర్రానికి కడుపునొప్పి అంటే మనకొచ్చేలాంటిది కాదు. అది వాంతి చేసుకోలేదు. లోపల చిన్నపేగే దాదాపు 20 మీటర్లు ఉంటుంది. గాలి పట్టేసినా, పేగు మెలిపడినా గంటల్లో ప్రాణం పోవచ్చు. మాటిమాటికీ మూతి ఎత్తటం ఆ నొప్పికి ఒక గుర్తు. ఈ రోజుల్లో అయితే ఆ గుర్తు కనబడగానే డాక్టరుకు ఫోన్ చేయాలి, మేత ఎత్తేయాలి. అప్పుడు ఫోనూ లేదు, రాత్రిపూట తెనాలి నుంచి పశువుల డాక్టరును తెచ్చే బండికి కట్టాల్సిన గుర్రం ఇదే.

సాయిబు దాన్ని లేపి బావి చుట్టూ నడిపించాడు. కాసేపు నడక, కాసేపు నిలబడటం, పొట్టకు చెవి పెట్టటం, మళ్ళీ నడక. లాంతరు ఒకటి బావి గట్టు మీద పెట్టారు. మా తాతయ్య కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నారు. నాకు నిద్రలో కూడా లాడాల చప్పుడు వినబడుతూనే ఉంది, మధ్యలో సాయిబు గొంతు. గుర్రంతో ఏదో చెబుతున్నాడు. టీ కొట్టు గురించి అనుకుంటా.

తెలతెలవారుతుండగా కేక వినబడి లేచాం. "అయ్యగారూ! వేసింది! వేసింది!" వీధిలో అందరూ బయటికొచ్చారు. మోతీ తోక ఇంకా ఎత్తే ఉంది. కింద ఆవిరి కక్కుతూ లద్దె. సాయిబు దాని పక్కనే మట్టిలో చతికిలబడి, రెండు చేతులూ పైకెత్తి, నవ్వుతూ ఏడుస్తున్నాడు. మా తాతయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఆ లద్దెను చాలా గౌరవంగా చూశారు.

ఆ రోజు జట్కా కట్టలేదు. తాతయ్య పనిమీద తెనాలికి కాలవ గట్టున నడిచే వెళ్ళి సాయంత్రానికి వచ్చారు. దారిలో టీ కొట్టువాడు "మోతీ రాలేదేం?" అని అడిగాడట. చుట్టల కట్టతో పాటు ఒకే పొట్లంలో బన్ను కూడా కట్టించుకుని తెచ్చారు. "ఇవాళ బన్ను వద్దు అయ్యగారూ, రేపు చూద్దాం" అన్నాడు సాయిబు. ఈలోపు మోతీ మెడ చాచి పొట్లం వాసన చూసింది. తల పైకెత్తి, పై పెదవిని మడిచి, పళ్ళన్నీ బయటపెట్టింది.

మేమెవ్వరం నవ్వలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. సాయిబే నవ్వాడు.

"ఏం కాలేదు బాబూ, చుట్టల ఘాటు పడలేదంతే."